రెండు గుప్పిళ్ల ఉప్పు

నా చిన్నప్పుడు ఒక వేసవి పొద్దున, టబ్బులోకి చేయి పెట్టి ఆల్చిప్పను తాకితే అది మూసుకోలేదు.

అంతకుముందు రెండు రోజులూ వేలు తగలడమే ఆలస్యం, టక్కున మూసుకునేవి. ఎంత గట్టిగా అంటే, రెండు చిప్పల మధ్య గోరు కూడా దూరేది కాదు. ఆ పొద్దున నా వేలే దూరింది. లోపల మెత్తగా, చల్లగా ఏదో తగిలింది. దాన్ని వదిలి పక్కదాన్ని తాకాను. అదీ మూసుకోలేదు. మూడోదీ అంతే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. చావు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పి ఉండలేదు. అయినా పెద్ద తప్పు జరిగిపోయిందని, అది నావల్లే జరిగిందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఇప్పటికీ పిల్లలకు జ్వరమొచ్చి నుదుటి మీద చేయి వేసినప్పుడల్లా నా వేళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఆ మెత్తదనమే.

అప్పుడు మేము కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లం. మా అమ్మ పుట్టిల్లు బాపట్ల వైపు, సముద్రపు ఒడ్డున. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు. అమ్మకు ఈ ఊళ్లో నచ్చింది పళ్ల మార్కెట్ ఒక్కటే. తక్కిన అన్నింటినీ తన ఊరి సముద్రంతో పోల్చి, చాలవని తేల్చేసేది. నాకు రాత్రిళ్లు చెప్పిన కథలన్నీ సముద్రానివే. అలలూ, ఉప్పు గాలీ, ఒడ్డున ఏరుకున్న గవ్వలూ.

మా ఇంటి పక్క ప్లాటులో ఒక ఇల్లు లేస్తోంది. అక్కడ రేకుల గదిలో వాచ్‌మన్ తాత, ఆయన భార్య ఉండేవారు. ఆమెను వీధి వీధంతా అవ్వ అనే పిలిచేది. పొద్దునా సాయంత్రం కొత్త గోడలకు నీళ్లు కొట్టడం, మేస్త్రీకి ఇసుక జల్లించి ఇవ్వడం ఆమె పని. ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే రెండు గంటల దూరంలో, ఒక ఏటి ఒడ్డున వాళ్ల ఊరు. ఆ సంవత్సరమే పని వెతుక్కుంటూ వచ్చారు.

ఇసుక లారీ వచ్చిన రోజు వీధిలో పిల్లలందరికీ పండుగ. కుప్ప మీద జారేవాళ్లు జారుతుంటే నేను చిప్పలు ఏరేదాన్ని. మామూలుగా దొరికేవి విడివిడి చిప్పలు. సున్నంలా తెల్లబడి, గీకితే పొడి రాలేవి. ఆ రోజు వచ్చిన లారీ మాత్రం వేరు. మలుపు దగ్గర నుంచి రోడ్డంతా నీళ్లు కారుతూ వచ్చింది. ఇసుక నల్లగా, తడిగా ఉంది. అవ్వ ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడ మీద పోస్తుంటే, కింద రాళ్లతో పాటు జంట చిప్పలు దొర్లాయి. ఆకుపచ్చ కలిసిన నలుపు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. గౌను ఒడిలో నాలుగు వేసుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"అవ్వా, ఇవి తెరుచుకోవట్లేదు చూడు."

అవ్వ ఒకదాన్ని తీసుకుని అరచేతిలో తూచింది. అప్పటిదాకా ఏదో పాడుకుంటున్న మనిషి ఆగిపోయింది. పార పక్కన పడేసి, లారీ నీడలో చాయ్ తాగుతున్న డ్రైవర్ దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను.

"ఏడికెళ్లి తెచ్చినవ్ కొడుకా గీ ఇసుక?"

"నీకెందుకే అవ్వా? ఇసుక ఇసుకే గదా."

"ఏడికెళ్లి అని అడుగుతున్న."

డ్రైవర్ నవ్వాడు. "బండల మడుగు కాడికెళ్లి. ఏం, నీ పెండ్లినాటి కమ్మలు జారిపడ్డయా అండ్ల?"

అవ్వ నవ్వలేదు. "నేను తాగిన నీళ్లు రా అయి," అంది. అతనికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

తరువాత చెప్పింది, అవి ఇంకా బతికున్న ఆల్చిప్పలని. బండల మడుగు వాళ్ల ఊరి కిందే ఉంది. ఎండాకాలం ఏరు సన్నబడితే అక్కడి ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తారు. దాన్ని చెలిమ అంటారు. అందులోకి ఊరే నీళ్లే ఊరంతా తాగేవి. ఇసుక తోడేస్తే చెలిమా ఉండదు. అవ్వ కూతురు ఆ ఊళ్లోనే ఇచ్చిన పిల్ల. పురుడై ఇంకా నెల కాలేదు. "నా బిడ్డ పచ్చి బాలింత. గా చెలిమ నీళ్లే తాగాలె," అని రెండుసార్లు అంది. నాతో కాదు, చేతిలోని చిప్పతో అన్నట్టు అంది.

ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం ఇసుక కుప్పలో వెతికాం. నేను చేతులతో తవ్వుతుంటే ఆపింది. "చేతులతోని గాదు బిడ్డా, కాళ్లతోని ఎతుకు. అరికాలుకు తెలుస్తది." చెప్పులు విప్పి, తడి ఇసుకలోకి పాదం దూర్చి, మెల్లగా తిప్పాలి. రాయి తగిలితే ఒకలా ఉంటుంది, ఇది తగిలితే ఒకలా. ఇది తగిలినప్పుడు కాలు తానే ఆగుతుంది. అలా పదకొండు దొరికాయి. ఒక్కో చిప్ప మీద సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి, ఏడాదికి ఒకటట. పెద్దదాన్ని చూపించి, "గిది నీకన్న పెద్దది. దీనికి మొక్కు," అని నన్ను ఆటపట్టించింది. నేను నిజంగానే మొక్కాను.

సాయంత్రానికి ఒక వింత చూపిస్తానంది. రెండు ప్లాస్టిక్ టబ్బులు తెచ్చి, రెండింటిలోనూ పునాది గుంటలోని ఎర్రమట్టి నీళ్లు పోసింది. ఒకదానిలో ఇసుక పరచి ఆల్చిప్పలను ఉంచింది. రెండోదానిలో ఉత్త ఇసుక. "పొద్దూకేదాక జూడు. నడుమల చెయ్యి పెడితె ఇరగ్గొడ్త," అని గోడలకు నీళ్లు కొట్టడానికి వెళ్లింది. నేను పుస్తకం కూడా తెరవకుండా అక్కడే కూర్చున్నాను. కాసేపటికి ఒక చిప్ప వెంట్రుకవాసి తెరుచుకుంది. లోపలి నుంచి లేత రంగు అంచు ఒకటి బయటికి వచ్చి నిలిచింది. తరువాత ఇంకోటి. ఎండ వాలేసరికి ఉత్త ఇసుక ఉన్న టబ్బులో నీళ్లు ఇంకా చాయ్ రంగులోనే ఉన్నాయి. ఆల్చిప్పల టబ్బులో అడుగున ఒక్కో ఇసుక రేణువూ కనపడుతోంది.

"మురికి అవి తాగుతయ్, తేట మనకిడుస్తయ్," అంది అవ్వ. "జీతం లేదు, సెలవు లేదు. మా మేస్త్రీ గిట్ల జూస్తె నన్ను తీసేసి ఈటినే పెట్టుకుంటడు."

వాటిని తిరిగి ఏట్లో వదలాలన్నది ఆమె ఆలోచన. మడుగు పైన రెండు బండల సందున కొంచెం ఇసుక ఉందట. లారీ అక్కడికి దిగలేదు. ఈ పదకొండూ అక్కడ బతికితే మళ్లీ పెరుగుతాయని ఆమె నమ్మకం. మరునాడు మేస్త్రీ సెలవివ్వలేదు. ఆ మర్నాడు మొదటి బస్సుకు వెళ్లడానికి ఒప్పుకున్నాడు. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు వాటిని కనిపెట్టుకుని ఉండమని నాకు అప్పగించింది.

నేను కనిపెట్టుకునే ఉన్నాను. ఆ మధ్యాహ్నం వాటిని చూస్తుంటే నాకు జాలేసింది. ఒకటి రెండు తప్ప అన్నీ కదలకుండా ఉన్నాయి. ఇల్లు గుర్తొస్తోందేమో అనుకున్నాను. గవ్వల ఇల్లు ఏదో నాకు తెలుసు. అమ్మ చెప్పిన ప్రతి కథలోనూ విన్నాను. సముద్రపు నీళ్లు ఉప్పగా ఉంటాయని బళ్లోనూ చదివాను. పాపం, ఈ అవ్వకు అది తెలియదు, ఎప్పుడూ సముద్రం చూడలేదు కదా అనుకున్నాను. అవి ఆవకాయ రోజులు. అమ్మ కల్లుప్పు ఎండబెట్టి జాడీలో పోసి ఉంచింది. ఆమె కునుకు తీస్తుండగా రెండు గుప్పిళ్లు తీసుకెళ్లి టబ్బులో వేశాను. కరిగేదాకా చేత్తో కలిపాను.

వెంటనే అన్నీ మూసుకున్నాయి. ఒక్కటీ మిగలకుండా, ఒక్కసారే. హాయిగా పడుకున్నాయి అనుకున్నాను. లేపకూడదని టబ్బు మీద తడి గోనె కప్పి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

మరునాటి పొద్దున జరిగిందే మొదట చెప్పాను. నేనింకా టబ్బు దగ్గరే ఉన్నాను. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, తడిపిన గోనె సంచి పట్టుకుని వచ్చింది. నా ముఖం చూసింది, టబ్బులోకి చూసింది. వంగి, ఒక వేలు నీళ్లలో ముంచి నాలుకకు తాకించుకుంది. అంతే. ఆ తరువాత నన్ను చూసిన చూపులో కోపం ఉందేమోనని ఎన్నేళ్లుగానో వెతుకుతున్నాను. దొరకలేదు. కోపం ఉంటే బాగుండేది.

అప్పుడే మా అమ్మ బయటికి వచ్చింది. "ఏంటవ్వా, ఏమైంది? మా పిల్ల ఏమన్నా పాడుచేసిందా?"

"ఏం జేయలే బిడ్డా. ఎండకు సచ్చినయ్. జీవాలు గదా."

"అంతే మరి. సముద్రపు గవ్వలు మంచినీళ్లలో ఎలా బతుకుతాయి?" అంది అమ్మ జాలిగా.

"సముద్రమేడిదమ్మా," అంది అవ్వ. "ఇయి మా ఏటియి. పుట్టి బుద్దెరిగినంక ఉప్పు మొకం జూడనియి."

ఆమె ఆ మాట అమ్మతోనే అంది, నా వైపు తిరగలేదు. నేను తడి చేతిని గౌనుకు గట్టిగా తుడుచుకున్నాను. అమ్మ లోపలికి వెళ్లింది. కాసేపటికి జాడీ మూత తీసిన చప్పుడు, "ఇదేంటి, ఉప్పు తగ్గినట్టుందే," అన్న గొంతు వినిపించాయి. అవ్వకూ వినిపించి ఉంటుంది. ఆమె టబ్బు వంచి నీళ్లు పారబోసింది. ఆ రోజు బస్సెక్కలేదు. ఏం పట్టుకుని వెళ్తుంది? చాలాసేపు ఆ తడి గోనె సంచి మీదే కూర్చుంది. ఉతికిన చీర వెనక వైపంతా తడిసిపోయింది. అయినా లేవలేదు.

రెండు రోజులు నేను ఆ వైపు వెళ్లలేదు. మూడో రోజు ఆమే పిలిచింది. అన్నింటికన్నా పెద్ద చిప్పను, నేను మొక్కినదాన్నే, నీళ్లు చిలకరిస్తూ గరుకు రాయి మీద అరగదీస్తోంది. నడుమ ఎత్తుగా ఉన్న చోట అరిగి అరిగి చిన్న సందు పడింది. దాని అంచు పదునుగా ఉంది. ఒక పచ్చి మామిడికాయ మీద గీస్తే చెక్కు సన్నటి దారంలా ఊడి వచ్చింది. వాళ్ల ఊళ్లో మామిడికాయ చెక్కు తీసేది దీనితోనేనట. దాన్ని నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అంది. "ఇగ ముందల దేనికన్న మంచి జెయ్యాలనుకుంటె, ముందు దాన్ని అడుగు. దానికి నోరు లేకుంటె, దాని ఇంటోళ్లను అడుగు. నన్నడిగితె నేను చెప్తుంటి గద బిడ్డా."

నేను ఏడ్చాను కానీ తప్పు ఒప్పుకోలేదు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. ఇల్లు పూర్తయ్యాక వాళ్లు వేరే సైటుకు వెళ్లిపోయారు. వెళ్లే రోజు గేటు దగ్గర నిలబడి నన్ను పిలిస్తే తలుపు వెనక దాక్కున్నాను. తాత మాత్రం అమ్మతో చెబుతున్నాడు, ఊళ్లో చెలిమలు అడుగంటాయని, కూతురు ఇప్పుడు ట్యాంకర్ కోసం చంటిపిల్లను చంకనేసుకుని లైన్లో నిలబడుతోందని. పదకొండు ఆల్చిప్పలు ఒక ఏటిని కాపాడేవి కావని ఇప్పుడు తెలుసు. కానీ అప్పుడు ఆ తలుపు వెనక, ఆ లైను నా రెండు గుప్పిళ్ల వల్లే మొదలైందని నమ్మాను. అంత చిన్నప్పుడు నమ్మినది తరువాత ఎంత చదివినా పూర్తిగా పోదు.

డిగ్రీలో జువాలజీ తీసుకోవడానికి కారణం అదేనని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మా మేడమ్ క్లాసులో ఆల్చిప్పల గురించి చెప్పింది. వాటి పిల్లలు పుట్టగానే చేపల మొప్పలను పట్టుకుంటాయట. కొన్నాళ్లు అలా వేలాడుతూ ప్రయాణం చేసి, కాస్త బలం వచ్చాక ఇసుకలోకి జారి అక్కడే స్థిరపడతాయట. ఇసుక తోడేస్తే వాటికి ఇల్లు లేదు. ఆనకట్ట అడ్డమై చేప రాకపోతే పిల్లల్ని మోసేవాళ్లు లేరు. మురుగూ, పొలాల మందులూ కలిస్తే, మురికి తాగి బతికే ఆ ప్రాణులకు అవీ తాగక తప్పదు. అన్నిటికన్నా నన్ను వెంటాడింది మరో మాట. అవి చాలా ఏళ్లు బతుకుతాయి కాబట్టి ఏరు చూడడానికి నిండుగానే కనిపిస్తుందట. కానీ ఆ అడుగున ఉన్నవన్నీ ముసలివే. పిల్ల పుట్టి ఎన్నేళ్లయిందో పైనుంచి చూసేవాళ్లకు తెలియదు.

పెళ్లయ్యాక ఒకసారి నల్లగొండ వైపు నుంచి వస్తూ, అవ్వ చెప్పిన ఊరి పేరు బోర్డు మీద కనిపిస్తే కారు ఆపించాను. మిట్టమధ్యాహ్నం. వంతెన కింద ఏరు లేదు. లారీల గుంటలు, సర్కారు తుమ్మ పొదలు, నగ్నంగా బయటపడ్డ బండలు. ఒక గుంటలో పచ్చటి నీళ్లు నిలిచి ఉన్నాయి. చెప్పులు విప్పి అందులో దిగి, అరికాలితో మెల్లగా వెతికాను. బురద తగిలింది, సీసా పెంకు తగిలింది. కాలు ఎక్కడా తానుగా ఆగలేదు. ఒడ్డున మాత్రం తెల్లబడిన విడి చిప్పలు బోలెడు. నడుస్తుంటే కాళ్ల కింద పటపటమని విరిగాయి. ఆ చప్పుడుకు భయమేసి పరుగులాంటి నడకతో పైకి వచ్చేశాను. ఆ ఇసుకంతా ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. కొత్తపేట రైతుబజారుకు వెళ్లినప్పుడు అప్పుడు కట్టిన ఆ పక్కింటి ముందు నుంచే నడుస్తాను. ప్రహరీ గోడ పెచ్చు ఊడిన చోట సిమెంటులో ఒక చిప్ప అంచు ఇప్పటికీ మెరుస్తూ ఉంటుంది. అటు చూడకూడదనుకుంటాను. చూస్తాను.

ఇప్పుడు మేము నాగోల్‌లో ఉంటున్నాం. నాలుగో అంతస్తు. సాయంత్రం గాలి తిరిగితే మూసీ వాసన వంటింటిదాకా వస్తుంది. కిటికీలు మూస్తాను. నీళ్ల ఫిల్టర్ లైటు రోజుకు పదిసార్లు చూస్తాను. పిల్లలు తుమ్మితే లేచి కూర్చుంటాను. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు. కింద కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. మొన్న ఇద్దరూ అక్కడి ఇసుక కుప్పలో ఆడి వచ్చి, "అమ్మా, నువ్వు చెప్పావుగా, ఇసుకలో చిప్పలుంటాయని. ఇందులో ఏం లేవు," అన్నారు. అది రాయి పిండి చేసిన ఇసుక. ఏ ఏరూ ఎరగని ఇసుక. చేతులు కడుక్కోమన్నాను.

అవ్వ ఇచ్చిన చిప్ప ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. ఎన్ని కత్తులున్నా మామిడికాయ చెక్కు దానితోనే తీస్తాను. అదెక్కడిదని పిల్లలు అడిగినప్పుడు అమ్మమ్మ ఊరి సముద్రానిదని చెప్పాను. అబద్ధం. నిన్న సాయంత్రం వాళ్లు దానితో ఆడుతుంటే జారి కిందపడింది. బాబు చూసుకోకుండా దాని మీద కాలు వేశాడు. రెండు ముక్కలైంది. వాడి కాలికి గుచ్చుకుందేమోనని కూడా చూడలేదు నేను. అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. వాడు గోడకు అతుక్కుపోయాడు. పాప మాత్రం, "ఆన్‌లైన్‌లో ఇంకోటి కొందాం అమ్మా," అని మెల్లగా అంది. దానికీ అరిచాను.

ఆ తరువాత ఇద్దరూ పెట్టింది తిన్నారు, చెప్పకుండానే పళ్లు తోముకున్నారు, తొందరగా దుప్పటి కప్పుకున్నారు. హమ్మయ్య, పడుకున్నారు అనుకుని ఫ్యాన్ తగ్గించి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేశాను. గొళ్లెం మీద చేయి పడగానే ఆగిపోయాను. ఈ పని నేను ఇంతకుముందు ఒకసారి చేశాను. ఇలాగే. తడి గోనె కప్పి.

వెనక్కి వెళ్లి ఇద్దరినీ తాకాను. ఒళ్లు వెచ్చగా ఉంది. పాప చప్పున కాళ్లు ముడుచుకుంది. నిద్రపోలేదు. తాకితే మూసుకుంది, అంతే. నాకు ఎప్పుడూ లేనంత ఊరట కలిగింది.

ఈ పొద్దున బడి వ్యాను రాకముందు ఇద్దరినీ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాను. చిప్ప ముక్కలు వాళ్ల చేతుల్లో పెట్టాను. ఇది సముద్రానిది కాదని, ఒక ఏటిదని, పక్క ప్లాటులో ఉండే ఒక అవ్వ నాకిచ్చిందని చెప్పాను. ఇందులో నాకన్నా పెద్ద వయసున్న ఒక ప్రాణం ఉండేదని, దాన్ని నేనే చంపానని చెప్పాను. కోపంతో కాదు, అది ఏ నీళ్లలో బతికేదో అడగకుండా, ఎంతో ప్రేమగా ఉప్పు వేసి. బాబు ముక్కను తిప్పి చూసి, "అవ్వ కొట్టిందా?" అన్నాడు. లేదన్నాను. పాప అడిగింది. "మరి సారీ చెప్పావా?"

"చెప్పలేదు," అన్నాను. "అవ్వకు చెప్పాల్సింది. అవ్వ ఎక్కడుందో తెలియదు. నిన్న అరిచినందుకు మీకు చెప్తున్నాను, సారీ."

కింద వ్యాను హారన్ కొట్టింది. ఇద్దరూ గట్టు దిగబోతుంటే ఆపి, ఇంకొక్క మాట చెప్పాను. "మీ మంచికే అనుకుని నేను చాలా చేస్తుంటాను. అందులో ఏదైనా మీకు ఉప్పగా తగిలితే, వాటిలాగా మూసుకోకండి. వెంటనే చెప్పండి. నేను నీళ్లు మారుస్తాను."